కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

పిల్లల తల్లికి, ప్రభువు కృప వల్ల కులాసా. ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కాను, నీళ్ళ పరీక్షల ఉద్యోగం ఇక మనదే, దిగులు పెట్టుకోకు.

ఈ కెమిస్ట్రీ క్లాసు నియమాలు మన సంఘం కట్టుబాట్ల కంటే గట్టివి. పక్కవాణ్ణి అడగకూడదు, కంటితో చూసిన అంకే రాయాలి. తప్పితే ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఉద్యోగమూ పోయినట్టే. గాజు గొట్టంలోని మందును సీసాలోని నీళ్ళలోకి చుక్కచుక్కగా వదిలి, లేత గులాబీ రంగు రాగానే ఆపెయ్యాలి. నేను మర తిప్పి, అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని ప్రార్థించాను. ఆమేన్ అని తెరిచేసరికి సీసా అంతా ముదురెరుపు!

టీచరమ్మ మన పెద్దమ్మాయి ఈడు పిల్ల. "అయ్యగారూ, ప్రార్థనకు అడ్డు లేదు. కళ్ళు మూస్తే మాత్రం బాధ్యత మీదే" అంది. మెలకువగా ఉండి ప్రార్థించండని వీధివీధినా గొంతు చించుకున్నవాణ్ణి, ఆ మెలకువ అన్న మాట నా చెవికే ఎక్కలేదు చూడు!

రెండోసారి రెప్ప వెయ్యకుండా ప్రార్థించాను. ఆవగింజంత చుక్క ఒక్కటి పడి నీళ్ళన్నిటినీ లేత గులాబీగా మార్చేసింది! ఒళ్ళు జలదరించి "స్తోత్రం!" అని అరిచాను. "హాల్లో అరవకూడదు, అదీ నియమమే" అంది టీచరమ్మ నవ్వాపుకుంటూ.

నా పాత కళ్ళద్దాలు వెంటనే పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? అందరికీ దీవెనలు. చిన్నాడు ప్రార్థనలో కళ్ళు తెరుస్తున్నాడని రాశావు. చెవి మెలిపెట్టకు, ఏం చూశాడో అడుగు.