ఇద్దరు కోడళ్ళు, రెండు మూతలు

కంభం,
ఆదివారం.

మార్కాపురంలోని పొడి డబ్బాల ఆఫీసు పెద్దలకు,

కంభం బజారులో బట్టల దుకాణం నాగేశ్వర్లుగారి భార్య నాగమల్లేశ్వరి రాస్తున్నది. ముందు నమస్కారం, తర్వాత ఫిర్యాదు.

మా ఇద్దరు కోడళ్ళూ, పెద్దది శ్రీదివ్య, చిన్నది సింధు, ఇప్పుడు కడుపుతో ఉన్నారు. తల్లి పొట్టలో మంచి క్రిములు పెరిగితే బిడ్డకు కూడా మేలు జరుగుతుందేమోనని మీరు పరిశోధన చేస్తున్నారని మీ ఆఫీసు అమ్మాయి జెస్సీ వచ్చి చెప్పింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. నిన్న ఆ అమ్మాయి పొడి డబ్బాలు తెచ్చింది. పెద్దకోడలికి పసుపు మూత, చిన్నకోడలికి ఆకుపచ్చ మూత.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కోడళ్ళకు జాకెట్టు గుడ్డ కోస్తే ఒకే తానులోంచి కోస్తాం. చీరలు పెడితే ఒకే రంగు, ఒకే అంచు. వెనకనుంచి చూసి వీధిలో వాళ్ళు ఒకరనుకుని ఒకరిని పిలుస్తారు, అది వేరే సంగతి. కాబట్టి రెండు డబ్బాలకూ ఒకే మూత పంపించగలరు. ఏ రంగైనా సరే.

ఇట్లు,
నాగమల్లేశ్వరి

తా.క. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. ఎందుకైనా మంచిదని రెండూ నొక్కాను. ఎవరూ పలకలేదు.


మార్కాపురం,
బుధవారం.

గౌరవనీయులైన నాగమల్లేశ్వరిగారికి,

ఈ పరిశోధనకు ఇక్కడ బాధ్యుడిని, నా పేరు క్రాంతి కుమార్. మీ ఉత్తరం అందింది. మూతలు మార్చడం కుదరదని చెప్పడానికి చింతిస్తున్నాను.

కొందరు తల్లులకు మేలు చేసే సూక్ష్మజీవులున్న పొడి ఇస్తాం. పెరుగులో ఉండేలాంటివే, ఏరి తీసినవి. మిగిలినవారికి ఉత్త పొడి ఇస్తాం. రంగు, రుచి ఒకటే. ఈ రెండు గుంపులనూ పోల్చి చూస్తేనే అసలు పొడి పనిచేస్తుందో లేదో తేలుతుంది. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించారు. అది జెస్సీకి తెలియదు, నాకు తెలియదు, మా డాక్టరుగారికీ తెలియదు. మీ కోడళ్ళు రోజుకు ఒక్కొక్క చెంచా తప్పకుండా తినేలా చూడండి.

భవదీయుడు,
క్రాంతి కుమార్

తా.క. మీరు రెండు అంకెలూ నొక్కినందువల్ల మీ పేరు కూడా గర్భిణుల కింద నమోదైంది. సరిచేయిస్తున్నాం.


కంభం,
శనివారం.

నాయనా క్రాంతి కుమార్,

నీ రాత చూస్తే చిన్నవాడివే అనిపించి నాయనా అంటున్నాను. నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు. ఇచ్చేవాళ్ళకే ఏమిస్తున్నారో తెలియదట. మా దుకాణంలో పట్టో నూలో తెలియకుండా గుడ్డ అమ్మితే జనం ఊరుకుంటారా?

అసలు సంగతి చెబుతాను. చిన్నకోడలికి పోయినేడు నెలలు నిండకుండానే కానుపయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు అది దగ్గినా నాకు గుండె జారిపోతుంది. అసలు పొడి దానికే అందాలని నా ఆశ. అలాగని పెద్దదాని నోటి దగ్గరది లాక్కోగలనా? దాని కడుపులో ఉన్నదీ మా బిడ్డే. ఆలోచించి ఆలోచించి రెండు డబ్బాలూ పెద్ద స్టీలు డబ్బాలో పోసి బాగా కలిపేశాను. రోజూ చెరొక చెంచా పెడుతున్నాను. సగం మందైనా ఇద్దరికీ అందుతుంది. నీకేమీ కష్టం లేదు.

ఆశీస్సులతో,
నాగమల్లేశ్వరి

తా.క. ఏది అసలుదో తేల్చుదామని, కలపకముందు రెండు పొడులతోనూ పాలు తోడుపెట్టి చూశాను. రెండూ గడ్డపెరుగయ్యాయి. అవి నేను రోజూ పెరుగు తోడుపెట్టే గిన్నెలేనని తర్వాత గుర్తొచ్చింది.

ఇంకో తా.క. నాకెన్నో నెలో చెప్పమని మీ ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది. అది మా ఆయన ఫోనుకు వచ్చింది. ఆయన దుకాణంలో అందరి ముందూ పైకి చదివాడు.


మార్కాపురం,
మంగళవారం.

అమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి జెస్సీ కుర్చీలో కూలబడింది. డాక్టరుగారు రెండుసార్లు చదివి, "ఇప్పుడు వీళ్ళను ఏ గుంపులో వేద్దాం?" అని నన్ను అడిగారు. మా కంప్యూటరులో గుంపులు రెండే ఉన్నాయి. మీ ఇల్లు మూడోదయింది.

కొత్త డబ్బాలు పంపుతున్నాను. దయచేసి కలపకండి. ఎవరి డబ్బా వారి గదిలో పెట్టండి. సింధుగారి సంగతి తెలిసి చాలా బాధ కలిగింది. ఉత్త పొడి వల్ల కీడేమీ లేదు. అసలు పొడి వల్ల మేలుందో లేదో కూడా ఇంకా తేలలేదు. దానిమీదే భారం వేయకుండా ఆసుపత్రి పరీక్షలు, ఐరన్ మాత్రలు మాననివ్వకండి.

భవదీయుడు,
క్రాంతి కుమార్

తా.క. మీ వీధిలో ఇంకొందరు తమ పొడి కూడా మీ స్టీలు డబ్బాలో పోస్తామని వచ్చారట. పోయించుకోకండి.


కంభం,
సోమవారం.

నాయనా క్రాంతి,

నువ్వు చెప్పినట్టు చేశాను, కొంప మునిగింది. డబ్బాలు ఇద్దరి గదుల్లోనూ పెట్టాను. పాలు పోసే ఆమె చూసింది. వంటింటి సరుకు రెండు గదుల్లోకి చేరిందంటే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. సాయంత్రానికి పామూరు నుంచి మా మరిది బస్సెక్కి వచ్చి, "ఏంది వదినా, వేరు పడుతుండారంట. నాకొక మాట చెప్పొద్దా?" అని కూర్చున్నాడు. దుకాణం ఎవరి వంతుకు వస్తుందని కూడా అడిగాడు. అందుకని డబ్బాలు మళ్ళీ వంటింట్లోకి చేర్చాను. ఒకరోజు ఎవరిది వారికి, మర్నాడు ఒకరిది ఒకరికి మార్చి ఇస్తున్నాను. కలపలేదు. కలపవద్దన్నావు కదా.

అంతకన్నా పెద్ద సంగతి ఉంది. నిన్న పెద్దకోడలు తన చెంచా పొడి తాను తినకుండా చిన్నదాని మజ్జిగలో కలుపుతూ నాకు దొరికింది. ఎన్నాళ్ళ నుంచని అడిగితే, మొదటిరోజు నుంచీ అంది. "నా పెద్దోడు బాగనే పుట్టినాడు గదత్తమ్మా. నాది అసలుదైతే అది సింధుకే పోనీ" అంది. కోప్పడదామని పోయి ఏడ్చి వచ్చాను. చిన్నదానికి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

కాసేపటికి చిన్నది పెద్దదాని రాగిజావలో ఏదో కలుపుతూ దొరికింది. అదీ మొదటిరోజు నుంచేనట. "అక్కకన్నా మేలు జరగనీ అత్తమ్మా. నేను తింటే మళ్ళా ఆశ పెట్టుకుంటా. నాకు ఆశంటేనే భయంగా ఉండాది" అంది. దానికీ ఒట్టు వేశాను. ఇప్పుడు ఎవరు ఎవరిది తింటున్నారో, పైనుంచి నేను మార్చేది ఎవరికి చేరుతోందో నాకు అంతుపట్టడం లేదు. చదువుకున్నవాడివి, నీకేమైనా తెలుస్తుందేమో చూడు.

ఆశీస్సులతో,
నాగమల్లేశ్వరి

తా.క. నాకు నెలలు నిండాయనీ, ఆసుపత్రికి సంచి సర్దుకోమనీ మీ ఆఫీసు మెసేజి పంపింది.


మార్కాపురం,
శుక్రవారం.

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరాన్ని ఆఫీసు బోర్డు మీద బాణాలు వేసి గీశాం. బోర్డు చాలలేదు. డాక్టరుగారు హైదరాబాదులోని మా పెద్దాఫీసుకు రాస్తే, వాళ్ళు "ఆ ఇంట్లో మొత్తం కోడళ్ళు ఎంతమంది?" అని అడిగారు. మిమ్మల్ని పరిశోధన నుంచి తప్పించవలసి వస్తుందేమో. అయినా కానుపులయ్యేదాకా జెస్సీ వస్తూనే ఉంటుంది. ఏ మూతలో ఏముందో చివర్లో నేనే వచ్చి చెబుతాను. అది మీకు మాట ఇస్తున్నాను.

మీ
క్రాంతి కుమార్

తా.క. దొనకొండలో మా అక్క కేథరిన్ కూడా కడుపుతో ఉంది. పేర్లు చెప్పకుండా మీ ఇంటి సంగతి చెప్పాను. తనకు తోటికోడలు లేదని ఏడ్చింది.


కంభం,
గురువారం.

నాయనా,

చిన్నదానికి ఆడపిల్ల. నెలలు నిండి పుట్టింది. దాని ఏడుపు ఆసుపత్రి గేటు దాకా వినిపించింది. నేను మెట్ల మీద కూర్చుని, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ అదే చెప్పాను. ఇంత సంతోషం నేను తట్టుకోగలనని అనుకోలేదు. ఆ వెనకే పెద్దదానికి మగపిల్లాడు పుట్టాడు. అందరూ క్షేమం.

ఇద్దరికీ ఒకేరోజు బారసాల. నువ్వు తప్పకుండా రావాలి. కడుపునిండా తినాలి. కానీ ఏ మూతలో ఏముందో మాత్రం చెప్పవద్దు. ఆ మాట కోసం నీ ప్రాణం తీసినదాన్ని నేనే. ఇప్పుడు తెలిస్తే ఏమవుతుంది? రేపు ఒకరికి జలుబు చేస్తే ఉత్త పొడి బిడ్డ అంటారు. ఇంకొకరు ముందు నడిస్తే మందు బిడ్డ అంటారు. నేను బతికుండగా మా ఇంట్లో అది జరగకూడదు.

ఆశీస్సులతో,
నాగమల్లేశ్వరి

తా.క. పరీక్ష చేయాలట, పిల్లలు దొడ్డికి పోయింది పట్టడానికి జెస్సీ డబ్బాలు తెచ్చింది. ఈసారి రెండింటికీ తెల్ల మూతలే. చాలా సంతోషం.

ఇంకో తా.క. నాకు పాలు పడుతున్నాయా అని మీ మెసేజి అడిగింది. పడుతున్నాయని నొక్కాను. ఏం చేయను?


మార్కాపురం,
ఆదివారం.

పెద్దమ్మకు,

బారసాలకు వస్తున్నాను. మా అమ్మ ఎలీషబా కూడా పిల్లలను చూడాలంటోంది. మీరు వద్దన్న మాట చెప్పను. కానీ ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

హైదరాబాదువాళ్ళు ఇప్పుడు బయటపెట్టారు, చీటీలు మనుషుల పేర్ల మీద తీయలేదట. ఇళ్ళ మీద తీశారట. ఒకే వంటింట్లో తినేవాళ్ళందరికీ ఒకటే పొడి. మూత రంగు మనిషిని గుర్తుపట్టడానికే. ముందే చెబితే నేను మీకు చెప్పేస్తానని నాకూ చెప్పలేదట. మీరు కలిపింది ఒకే పొడిని. మార్చింది ఒకే పొడిని. మీ కోడళ్ళు దొంగచాటుగా ఇచ్చిపుచ్చుకున్నదీ అదే. కాబట్టి మీ ఇంటి లెక్క చెడలేదు, మిమ్మల్ని తప్పించడం లేదు. అది అసలుదా ఉత్తదా అన్నది మాత్రం నా నోటితో చెప్పను.

ఇంకొక సంగతి. డబ్బాలు వెనక్కి తీసుకుని తూచితే, మిగతా అందరి డబ్బాల్లోనూ పొడి మిగిలిపోయింది. కొందరు వికారమని మానేశారు, కొందరు మరిచిపోయారు. ఒక్క మీ ఇంటివే అడుగంటా ఖాళీ. వీళ్ళొక్కరే ఎలా మరవలేదని డాక్టరుగారు అడిగారు. "తమకోసమైతే వాళ్ళూ మరిచేవాళ్ళేమో సార్. ఒకరికొకరు పెట్టుకున్నారు" అన్నాను. ఆయన ఆ మాట మీ ఫైలు మీద రాసుకున్నారు.

మీ
క్రాంతి

తా.క. తెల్ల మూత డబ్బాలు మాత్రం దయచేసి కలపకండి.