సీసా ఊపని మురళి

1984 అక్టోబర్, శనివారం

బీరుకని కాచి చల్లార్చిన బార్లీ నీళ్ళలో, గాలి పట్టించకుండానే ఈస్ట్ వేసేశాడు నా రూమ్మేట్ మురళి. ముందు ఆ పెద్ద గాజు సీసాని నేల మీద పెట్టి పది నిమిషాలు ఊపాలని, లేకపోతే గాలి అందక ఈస్ట్ సరిగ్గా పనిచేయదని పుస్తకం తెరిచి మరీ చూపించాను వాడికి. "బుద్ధుందా నీకు?" అని అరిచాను.

"డబుల్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నావు. ఊపితే ఈ చెక్క నేలంతా దడదడలాడుద్ది రా. లేస్తావని ఊరుకున్నా," అన్నాడు.

శుభ్రంగా కడిగిన రెండు గిన్నెలు తెచ్చి, గాలి పట్టేలా ఆ బార్లీ నీళ్ళని కాఫీ తిరగబోసినట్టు ఎత్తి ఎత్తి పోశాను. నురగ బాగానే లేచింది. మళ్ళీ సీసాలోకి వంచుతుంటే వాడు గరాటు పట్టుకున్నాడు, తర్వాత తన షిఫ్ట్‌కి వెళ్ళిపోయాడు.

ఫ్రిజ్‌కి కాగితం అంటించాను: "నా నిద్ర పోతే పోయింది. ఇంకోసారి బీరు పెట్టేటప్పుడు నన్ను లేపు. లేపుతావా లేదా, రేపు సాయంత్రంలోపు చెప్పు."