నేను “ఏమీ చేయను” అన్న మాటను పార్లమెంటు రికార్డుల నుంచి తొలగించమని

ధర్మవరం,
శ్రావణ శుక్రవారం.

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు శ్రీ సుబ్బరాయుడు గారి సముఖమునకు,
క్యాంపు ఆఫీసు, హిందూపురం.

అయ్యా,

విషయం: వర్షాకాల సమావేశాల్లో తమరు నా గురించి పలికిన ఒక వాక్యమును సవరించుట మరియు కుట్టు శిక్షణ జాబితాలో మొదటి పేరుగా ఉన్న నా పేరును తీసివేయుట గురించి.

ధర్మవరం పట్టణ కాపురస్తురాలు, శివప్రసాద్ భార్య, ఇరవై మూడేండ్ల సౌమ్య అను నేను తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా.

ఇంతవరకు మా వీధి చివర అర్జీలు రాసే పుల్లన్న పెద్దాయన చెప్పిన మాటలు. ఇక్కడి నుంచి నావి. మొత్తం ఆయనే రాసిస్తానన్నాడు. కానీ జరిగింది ఆయన ముందర నోటితో చెప్పాలంటే నాకు సిగ్గయింది. కాగితానికైతే చెప్పగలను. మా పుట్టినూరు గుడిబండలో ఏడో తరగతి దాకా చదివినాను. తప్పులుంటే మన్నించండి.

1. ముందు మంచి మాట చెప్తాను. తమరు సభలో మాట్లాడినవన్నీ నేను విన్నాను. పని చేసుకునేటప్పుడు ఫోను గూట్లో పెట్టుకుంటాను. పాటలు పెడితే మా అత్త కుళ్ళాయమ్మ “చెవులు తూట్లు పడ్తాండాయి, ఆపు” అంటుంది. తమరి ఉపన్యాసం పెడితే మాత్రం, “పాపం పెద్దాయన ఏందో చెప్పుకుంటాండాడు, చెప్పుకోనీ” అని ఊరుకుంటుంది. అట్లా తమరి వల్ల నాకు చాలా తెలిసింది. పెనుకొండలో రైలు ఇంకొక నిమిషం ఆగాలన్నారు. వేరుశనక్కాయ రైతుల గురించి చెప్పినారు. విమానం టికెట్లు, ఫోన్లలో జూదం, మంచుకొండల్లో సిపాయిలకు బూట్లు, తేనెటీగలు, అన్నీ చెప్పినారు. సముద్రం తాబేళ్ళ గురించి కూడా చెప్పినారు. మన జిల్లాకు సముద్రమే లేదు, అయినా వాటిని తమరు మరిచిపోలేదు.

ఏ విషయమైనా తమరు “నేను స్వయంగా చూసి వచ్చాను, అధ్యక్షా” అని మొదలుపెడతారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఇప్పుడు నా బాధ కూడా ఆ మాటతోనే వచ్చింది.

2. మూడు నెలల కిందట తమరు చేనేత ఇండ్లు చూడడానికి మా వీధికి వచ్చినారు. తమరు మా ఇంట్లోకే వస్తారని పది నిమిషాల ముందు తెలిసింది. నేను మగ్గం మీద ఉన్నాను. మా అత్త పరుగెత్తుకొని వచ్చి, “లెయ్యి లెయ్యి! పెద్దోళ్ళు వస్తాంటే కోడలు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చుంటే ఏం బాగుంటాది? నువ్వు పోయి కాఫీ పెట్టు. రేయ్ శివా, నువ్వు కూర్చో!” అని తరిమింది.

మా ఆయన కూర్చున్నారు. నేను కాఫీ పెట్టినాను. తమరు మా ఇంట్లో నాలుగు నిమిషాలు ఉన్నారు. పట్టు ధర, జరీ ధర మా ఆయనను అడిగినారు. పోయేటప్పుడు గ్లాసు నా చేతికిస్తూ నా పేరు అడిగి, “నువ్వేం చేస్తావమ్మా?” అన్నారు.

నేను తల దించుకొని, “ఏమీ చేయను సార్, ఉత్తగానే ఉంటాను” అన్నాను.

అయ్యా, మా వైపు ఆడవాళ్ళను ఎవరు అడిగినా చెప్పే మాట అదే. గుడిబండలో మా అమ్మ పొద్దు పుట్టకముందే చేనికి పోతుంది. నెత్తిన గడ్డిమోపుతో ఎదురొచ్చినప్పుడు “ఏం చేస్తాండావు కృష్ణమ్మా?” అని అడిగి చూడండి. “ఏముందిలే, ఉత్తగానే ఉండా” అంటుంది. అడిగినవాళ్ళకు మేమిచ్చే మర్యాద అది. తమ తల్లిగారిని అడిగినా బహుశా అదే చెప్పి ఉంటారు.

3. పోయిన నెల తమరు చేనేత చర్చలో లేచినారు. నేను ఫోనులో వింటూ ఉన్నాను. “నేను స్వయంగా చూసి వచ్చాను, అధ్యక్షా. ధర్మవరంలో సౌమ్య అనే ఒక చెల్లెలు కన్నీళ్ళతో నాకు చెప్పింది, అన్నా, నేను ఏమీ చేయను, ఉత్తగానే ఉంటాను అని! చేనేత ఇండ్లలో ఆడబిడ్డలు చేతులు కట్టుకొని కూర్చున్నారు, అధ్యక్షా. వీళ్ళకు ఒక పని నేర్పించాలి!” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు బల్లలు చరిచినారు.

నా కండ్లలో నీళ్ళు లేవయ్యా. కాఫీ ఆవిరి అయి ఉంటుంది. “అన్నా” అని కూడా నేను అనలేదు, “సార్” అన్నాను. అదైతే ఉండనివ్వండి, వినడానికి బాగుంది.

ఆ మాట తమరు అంటున్నప్పుడు నేను మగ్గం గుంతలోనే ఉన్నాను. ఒక చేతిలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను లాగే తాడు, కాళ్ళ కింద తొక్కుడు కట్టెలు. పెండ్లి చీరకు కొంగు నేస్తున్నాను. నా పేరు వినేసరికి కాలు తప్పు కట్టె తొక్కింది. కొంగులోని నెమలి బొమ్మ మెడ దగ్గర రెండు పోగులు తప్పినాయి. అది విప్పి మళ్ళీ నేయడానికి గంట పట్టింది. తమరు మాట్లాడింది మూడు నిమిషాలు.

4. ఉన్న సంగతి ఇది. రెండేండ్ల కిందట మా ఆయన బత్తలపల్లి కూడలిలో మోటార్ సైకిల్ మీద నుంచి పడినారు. కుడి భుజం అతికింది కానీ, నాడె తాడు రోజుకు కొన్ని వేల సార్లు లాగే శక్తి రాలేదు. నేను సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. మగ్గం చూసిందే పెండ్లయినాక. మా ఆయన పక్కన కూర్చొని నేర్పించినారు. మొదటి ఆరు నెలలు నేను నేసిన అంచు మడకశిర రోడ్డు మాదిరి వంకరగా పోయేది. ఇప్పుడు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు నా అంచుకు వంక పెట్టడం మానేసినారు. నావని ఆయనకు మొన్నటిదాకా తెలియదు, అది వేరే సంగతి.

మా ఆయన కండెలకు పట్టు పోగు చుడతారు, తెగిన పోగులు అతుకుతారు, చీర మడత పెట్టి అంగడికి తీసుకుపోతారు. వంకాయలు కూడా తరుగుతారు. ఇది సభలో చెప్పవద్దు.

బయటికి మాత్రం మగ్గం ఆయనదే. “మగ్గం మీద మగోడే ఉండాడని అనుకోనీలే, మనకేం పోయె?” అంది మా అత్త. నేనూ అవునులే అనుకున్నాను. ఇంతలో అది ఢిల్లీ దాకా పోతుందని ఎవరికి తెలుసు?

5. దీనికి సాక్ష్యం కావాలంటే తమరి ఫోటోనే ఉంది. తమరు మా ఇంటికి వచ్చిన మరుసటి రోజు పేపర్లో పడింది. తమరు నిలబడి ఉన్నారు, మా ఆయన మగ్గంలో ఉన్నారు. దయచేసి ఆయన మోకాళ్ళు చూడండి.

నేను పొట్టి మనిషిని. నాకు కాలు అందడానికి గుంతలో రెండు వరసలు ఇటుకలు పేర్చినాము, తొక్కుడు కట్టెల తాళ్ళు పొట్టి చేసినాము. మా ఆయన ఆరడుగుల మనిషి. ఆ గుంతలో కూర్చుంటే మోకాళ్ళు వచ్చి నేసిన బట్టను కింద నుంచి పొడుస్తాయి. ఫోటోలో చీర మధ్యలో రెండు గుట్టలు కనబడతాయి. పేపరు చదివేవాళ్ళకు అది ఏమీ అనిపించదు. ధర్మవరంలో మగ్గం ఎక్కినవాళ్ళకు ఒక్క చూపు చాలు.

ఎదురింటి అంజనప్ప మామ పొద్దున్నే పేపరు పట్టుకొని వచ్చినాడు. “ఏమప్పా శివప్రసాదూ, మగ్గంలో కూర్చున్నావా, చంటిబిడ్డ ఉయ్యాల్లో కూర్చున్నావా?” అన్నాడు.

“గుంత కొంచెం పూడింది మామా” అన్నారు మా ఆయన.

“పూడలేదబ్బా, ఆ గుంత మన సౌమ్య పాప కొలత! చీర నేసింది పాప, ఫోటో దిగింది నీ మోకాళ్ళు!”

మధ్యాహ్నానికి వీధి మొత్తానికి తెలిసిపోయింది. తెలియనిది ఇప్పుడు పార్లమెంటుకు ఒక్కదానికే.

6. తమరు మాట్లాడిన పదో రోజుకు కాగితం వచ్చింది. హిందూపురంలో నలభై ఐదు రోజులు కుట్టు శిక్షణ, వచ్చే సోమవారం మొదలు, తప్పక హాజరు కావలెను అని. జాబితాలో మొదటి పేరు నాదే.

పేరు తీయించుకుందామని నేను ఒక్కదాన్నే హిందూపురం బస్సు ఎక్కినాను. “నేను మగ్గం నేస్తాను సార్” అనే మాట పెనుకొండ దాకా మనసులో అనుకున్నాను. సోమందేపల్లి దగ్గర ఆ మాట పైకి వచ్చేసింది. పక్కన శనక్కాయల మూటతో కూర్చున్న అవ్వ తిరిగి, “ఏం చీరలు నేస్తావు పాపా?” అంది. హిందూపురం వచ్చేదాకా ఆమెకు అంతా చెప్పినాను. బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. “మరి ఆ మాటే ఆడ చెప్పు, భయమెందుకు!” అని అవ్వ ధైర్యం చెప్పి దిగింది.

శిక్షణ ఆఫీసులో ఒకాయన కండ్లద్దాలు పైకి జరిపి చూసినారు.

“పేరు తీయాలా? ఎందుకమ్మా? ఇప్పుడు యాడన్నా పని చేస్తాండావా?”

నా నోట్లో నుంచి ఏం వచ్చిందో తమరికి ఈపాటికి తెలిసే ఉంటుంది. “ఏమీ లేదు సార్” అన్నాను.

“ఇంకేం మరి! పార్లమెంటులోనూ అదే చెప్పినారు, నువ్వూ అదే చెప్తాండావు. సోమవారం రా. కత్తెర మేమే ఇస్తాం” అన్నారు.

తిరుగు బస్సులో ఆ అవ్వ ఎక్కకూడదని దేవునికి మొక్కుకున్నాను.

7. నేను సోమవారం పోతే మగ్గం ఆగుతుంది. ఇప్పుడు మగ్గం మీద ఉన్న పెండ్లి చీర శ్రావణం దాటకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే సావుకారు ఆ పడుగు, అంటే నిలువు పోగులన్నీ, కోయించి ఇంకొక ఇంటికి ఇచ్చేస్తారు. ఒకసారి ఖాళీ అయిన మగ్గానికి మళ్ళీ పడుగు దొరకడం ఎంత కష్టమో తమరే ఆ చర్చలో చెప్పినారు. ఆ భాగం చాలా బాగా చెప్పినారు. నలభై ఐదు రోజుల తర్వాత నేను రవికలు కుట్టడం నేర్చుకొని వస్తాను, ఇంట్లో మగ్గం ఉండదు. అప్పుడు తమరు సభలో చెప్పిన మాట నిజమైపోతుంది. నేను నిజంగానే ఉత్తగా ఉంటాను.

కుట్టు పనిని నేను తక్కువ చేయడం లేదు. వెనక వీధి ఎస్తేరమ్మ అక్క ఆ శిక్షణ కోసం రెండుసార్లు పోయి అడిగింది, జాబితా నిండిందన్నారు. నా చోటు ఆమెకు ఇప్పించండి. ఆమె సిగ్గుపడదు, అడిగిందానికి జవాబు చెప్తుంది.

కావున నేను తమరిని కోరేది రెండు. సోమవారం లోపల శిక్షణ ఆఫీసుకు ఒక్క ఫోను చేయించి నా పేరు తీయించండి. రెండోది, సభలో ఎవరైనా తప్పు మాట అంటే “అది రికార్డుల్లోకి పోదు” అని అధ్యక్షుల వారు అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. నా మాటను కూడా అట్లా తీయించండి. తీయడం కుదరకపోతే పక్కన ఇంకొకటి చేర్పించండి. దానికి వేరే సమయం అడగనక్కరలేదు, తేనెటీగల గురించి మాట్లాడేటప్పుడైనా మధ్యలో కలపవచ్చు. “అధ్యక్షా, ధర్మవరం సౌమ్య నేస్తుంది.” అంతే. నాలుగు మాటలు.

అన్ని విషయాలకూ నోరున్న తమరు, నోరు లేని నా ఈ విన్నపమును సోమవారము దాటకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సౌమ్య,
చేనేత కార్మికురాలు.

తా.క.: అంటించే ముందు మా ఆయన ఇది చదివినారు. “అంతా బాగుండాది, ఆ మోకాళ్ళ సంగతి ఒక్కటి తీసేయ్” అన్నారు. తీసేయడం అధ్యక్షుల వారి పని, నాది కాదని చెప్పినాను. మా అత్త పక్కనుంచి, “రాయనీరా, నీ మోకాళ్ళు ఎప్పుడో పేపర్లో పడినాయి, ఇంకా ఏం దాస్తావు?” అని నవ్వింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె చెప్పి రాయించిన మాట ఇది: ఈసారి ఆ సారు వస్తే నువ్వు లెయ్యొద్దు, కాఫీ నేను పెడ్తా.

కాబట్టి తప్పక రండి. నన్ను మాత్రం ఏమీ అడగవద్దు, మళ్ళీ అదే మాట వచ్చేస్తుంది. నిలబడి చూడండి చాలు, స్వయంగా.