సరే అనడానికి కాదు, పక్కన కూర్చోవడానికి రా

ఆత్మకూరు, శుక్రవారం.

నాయనకు, కూతురు ప్రవల్లిక సవినయంగా రాస్తున్నది. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. కార్డయితే రెండుసార్లు చదువుతావు.

నెల్లూరు నుంచి వచ్చే క్యాన్సర్ డాక్టరమ్మకు నిన్న అమ్మను చూపించాను. రొమ్ములో గడ్డ చిన్నదేనట. ఆవిడ ఏం చెప్పినా అమ్మ "సరేమ్మా, మీ దయ" అన్నది. ఏడుసార్లు! ఎదురు ప్రశ్న వేస్తే డాక్టరుకు కోపమొస్తుందని బస్సెక్కించేటప్పుడు నువ్వు చేసిన ఉపదేశం పుణ్యమిది. చివరికి అమ్మ చెయ్యి గిల్లాను. అప్పుడడిగింది.

"గడ్డొక్కటే తీస్తే బతకనామ్మా? మొత్తం తీసేయాల్నా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నీకు ఏది చేసినా బతికే అవకాశం ఒకటేనమ్మా. గడ్డొక్కటే తీస్తే తర్వాత కొన్ని వారాలు రేడియేషన్, అదే మీరు కరెంటు అంటారే, అది పెట్టించుకోవాల. మొత్తం తీస్తే చాలావరకు ఆ అవసరం రాకపోవచ్చు. ఏది కావాల్నో నువ్వే చెప్పాల."

"మా ఆయన్నడగాల" అన్నది అమ్మ.

"ఆపరేషను నాయనకు కాదు గదమ్మా" అన్నాను. పదిహేను రోజుల్లో మొదటిసారి అమ్మ నవ్వింది. ఆ వెంటనే ఏడ్చింది.

బీరువాలో పచ్చ కవరుంది, పాత స్కానింగ్ రిపోర్టు అందులోనే. మరిచిపోకుండా తీసుకురా. బర్రె ఈనిందా? పోస్టుమ్యాన్ తిరుపాలన్నా, నువ్వెట్లాగూ చదువుతావు, ఊళ్లో మాత్రం చెప్పొద్దు. అవ్వకు దండాలు.

నాయనా, డాక్టరమ్మ మళ్లీ వచ్చే గురువారం వస్తుంది, ఆ రోజు ఉదయగిరిలో మొదటి బస్సెక్కు. అమ్మ తన మాట తనే చెబుతుంది. నువ్వు సరే అనొద్దు, వద్దనీ అనొద్దు. పక్కన కూర్చో. అమ్మకు అది చాలంట.

ప్రవల్లిక