పై మట్టి పునరుత్థానం

గని ఆఫీసులో భూపునరుద్ధరణ విభాగం అధికారి గారికి, వాక్యమే ఆస్తిగా బతికే ఒక ప్రసంగీకుడు వందనాలతో రాయునది.

అయ్యా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. చచ్చిన మట్టి మళ్ళీ లేస్తుందంటే మీరు నమ్ముతారా? నేను నమ్ముతాను. ముప్పై ఏళ్ళుగా ఇదే చెబుతుంటే ఊరంతా ఆవలించింది. నిన్న మా అక్కకు మీ నోటీసు వచ్చింది. ఆరేళ్ళ కిందట బొగ్గు కోసం మీరు తీసుకున్న ఆమె నాలుగెకరాల గురించి, "విడిగా పోసి ఉంచిన పై మట్టి నిర్జీవమవుతున్నందున వచ్చే నెల పదో తేదీన పునరుత్థానం" అని రాశారు. అదీ రబ్బరు ముద్ర వేసి. నాకు కన్నీళ్ళు ఆగలేదు. అక్క మాత్రం "ముందు కళ్ళద్దాలు తుడుచుకోరా" అంది. ఆమెకు విశ్వాసం కాస్త తక్కువ.

ఇవాళ్టి నుంచి మా సంఘం అరవై మందిమీ ఆ పై మట్టి గుట్టెక్కి రోజూ ప్రార్థన చేస్తాం.

మీ ఆత్మ క్షేమం కోరే,
ప్రసంగీకుడు

తా.క.: పదో తేదీన ఎన్ని గంటలకు? తెల్లబట్టలు ఇస్త్రీకి ఇవ్వాలి.

*

ప్రసంగీకులు గారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని మా ఆఫీసంతా వంతులేసుకుని చదివింది. అది పునరుత్థానం కాదండీ, పునరుద్ధరణ. గొయ్యి పూడ్చి, అడుగు మట్టి కింద, పై మట్టి పైన, మొదట ఉన్న వరసలోనే పరిచి పొలం తిరిగి ఇవ్వడం. పై మట్టి అంటే జానెడు మందమే. వేళ్ళు, విత్తనాలు, వానపాములు అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే దాన్ని వేరే గుట్టగా పోశాం. దయచేసి దాన్ని ఎక్కకండి. అరవై మంది తొక్కితే గట్టిపడి, గాలి ఆడక, ఉన్న ప్రాణం కూడా పోతుంది.

ఇట్లు,
పునరుద్ధరణ అధికారి

తా.క.: నేను 'అయ్యా' కాదు. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో భిన్నాభిప్రాయం లేదు.

*

అమ్మా,

ప్రార్థనతో ప్రాణం పోతుందని రాసిన మొదటి మనిషి మీరే. అయినా మీ మాట మన్నించి చెప్పులు విప్పి మునివేళ్ళ మీద నిలబడుతున్నాం. మా దర్జీ తూలి డోలు మీద పడ్డాడు.

కానీ పాముల సంగతేమిటి? మొదటి తోటను చెడగొట్టింది ఎవరో మీకు నేను చెప్పాలా? వానపామైనా పామే. వాటిని మళ్ళీ మా అక్క పొలంలో పరుస్తారా?

కోపంతో రాస్తున్నాను గానీ అసలు మాట వేరే ఉంది. పొలం పోయినప్పటి నుంచి అక్క నా దగ్గరే ఉంటోంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ "మన ఇల్లు" అనలేదు. "నీ ఇల్లు" అనే అంటుంది. మంచం కింద చిక్కుడు గింజల డబ్బా ఉంది. ఏటా తీసి, ఎండబెట్టి, మళ్ళీ మూత పెడుతుంది. ఆ చప్పుడు విన్న రోజు నాకు ప్రసంగం సాగదు.

మీ మీద కోపం తగ్గని,
ప్రసంగీకుడు

తా.క.: డోలు బాగానే ఉంది. దర్జీయే కుంటుతున్నాడు.

*

ప్రసంగీకులు గారికి,

అక్కగారి డబ్బా గురించి చదివాక తేదీ ముందుకు జరిపించాను. వానలు కూడా ముందే వస్తాయంటున్నారు. తడిసిన మట్టి మీద యంత్రం నడిపితే అది ఇటుకైపోతుంది. అప్పుడిక మళ్ళీ ఏడాదే. రేపు పొద్దున్నే మట్టి తోసే డోజరు వస్తుంది. డ్రైవరు రెండు గుట్టల దగ్గరా మేం పాతిన బోర్డులు చూసి, 'అడుగు మట్టి' గుట్టను ముందు గొయ్యిలోకి తోసి, దాని మీద 'పై మట్టి' పరుస్తాడు.

వానపాములకు భయపడకండి. అవీ మీలాంటివే, గట్టిపడ్డవాటిని కదిలించకుండా ఉండలేవు. గుప్పెడు తవ్వి చూడండి.

ఇట్లు,
అధికారి

తా.క.: కనబడితే వాటికి ప్రసంగం చెయ్యకండి. చెవులుండవు.

*

అమ్మా,

ఈ ఉత్తరం తెచ్చింది మీ డోజరు డ్రైవరే. యంత్రం తాళంచెవి అతని జేబులో ఉంది. అతను మీ ముందు నిలబడి ఉన్నంతసేపూ ఇక్కడ అది కదలదు.

మీరన్నట్టే మా ప్రార్థన గుట్ట తవ్వాను. మోకాలి లోతు తవ్వినా ఒక్క వానపాము లేదు, గడ్డివేరు లేదు. అక్క పక్కనున్న పొట్టి గుట్టలో చెయ్యి పెట్టి గుప్పిట విప్పింది. మూడున్నాయి. వాసన చూసి, "ఇదిరా నా చేను" అంది.

పాపం ఒప్పుకుంటున్నాను. మొదటి రోజే బోర్డులు మార్చింది నేనే. పొట్టి గుట్టకు 'పై మట్టి' అనీ పొడుగు గుట్టకు 'అడుగు మట్టి' అనీ ఉంటే, మీ గుమాస్తా పొరబడ్డాడనుకున్నాను. పైది పొట్టిగా, అడుగుది ఎత్తుగా ఎలా ఉంటుందని. ఇన్నాళ్ళూ మేము ప్రార్థించింది అడుగు మట్టి కోసమన్నమాట.

డ్రైవరు అక్క మట్టిని అప్పటికే రెండు తోపులు గొయ్యిలోకి తోశాడు. దాన్ని సంఘమంతా గంపలతో పైకి మోస్తోంది. దర్జీ కుంటుతూనే మోస్తున్నాడు. అక్క పొట్టి గుట్ట మీద కూర్చుంది. "తొక్కొద్దన్నారక్కా" అంటే "కూర్చోవద్దనలేదుగా" అంది. బోర్డులు సరిచేశాను గానీ డ్రైవరు, "మీరు బోర్డులు మార్చే మనిషి. మేడమ్ కాగితం తెస్తే గానీ నమ్మను" అంటున్నాడు. న్యాయమే.

తలవంచిన,
ప్రసంగీకుడు

తా.క.: పడమట మబ్బు పట్టింది. మూడు మాటలు చాలు: 'ముందు పొడుగు గుట్ట'. కింద సంతకం. రేపు కాదమ్మా, ఈరోజే. ఆ కాగితం ఇతని చేతికిచ్చి ఇప్పుడే వెనక్కి పంపండి.