చేతులు ఆనించకుండా

జూన్ 2
అమ్మ పోయి ముప్పై నాలుగు రోజులు. నా నడుం నొప్పి మాత్రం పోలేదు. ఎడమ పక్క చచ్చుబడిన మనిషిని ఎనిమిది నెలలు అటూ ఇటూ తిప్పి, ఎత్తి కూర్చోబెట్టిన నడుం ఇది. ఇవాళ ల్యాబ్‌లో ఒకాయన రక్తం తీయడానికి వంగి, మళ్ళీ లేవలేక ఆయన కుర్చీనే పట్టుకున్నాను. ఆయన భయపడిపోయాడు. మా డాక్టరమ్మ చూసి పిలాటీస్ అనే వ్యాయామం క్లాసులో చేరమంది. టీచర్ నాకు తెలిసినమ్మాయి, రోజూ వెళ్ళేటట్టయితేనే చేరు, నా పరువు తీయకు అని కూడా అంది.

జూన్ 4, సాయంత్రం 7
చేరాను. మందుల షాపు పైన రెండో అంతస్తు. ఆరు చాపలు, ఒక ఫ్యాన్. టీచర్ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, అసలు ఎముకలున్నాయా అని అనుమానం. నా పక్క చాప రిటైరైన బ్యాంకు మేనేజర్ గారిది. ఊపిరి వదలమంటే నిట్టూరుస్తారు.

వెల్లకిలా పడుకుని, చేతులు ఆనించకుండా, ఒక్కో వెన్నుపూసా పైకి తెస్తూ లేచి కూర్చోవాలట. రోల్ అప్ అంటారు. నేను తల మాత్రం ఎత్తి, తిరగబడ్డ బొద్దింకలా కొట్టుకున్నాను. తొందరేం లేదు, రోజూ రండి అంది టీచర్.

గంటసేపు అమ్మ గుర్తు రాలేదు. మెట్లు దిగుతుంటే ఆ సంగతి తెలిసింది. ఏదో దొంగిలించి బయటికొస్తున్నట్టు అనిపించింది.

జూన్ 7, ఆదివారం
తమ్ముడు వచ్చాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఎప్పుడూ వేళకు తినేవాడు కాదు, ఈ మధ్య అసలు తినడం లేదు. వచ్చీ రాగానే గోడ గడియారంలో సెల్స్ మార్చాడు. పోయిన ఆదివారం కూడా మార్చాడు. తర్వాత రిమోట్‌లో, టార్చిలో. వద్దనలేకపోయాను.

ఎందుకు మారుస్తున్నాడో నాకు తెలుసు.

జూన్ 8
రాసేస్తాను. ఎవరు చదవొచ్చారు గనక.

అమ్మ మంచం పక్కన కాలింగ్ బెల్ పెట్టింది తమ్ముడే. నొక్కితే నా గదిలో మోగుతుంది. కొత్త సెల్స్ తెస్తానక్కా అని మూడుసార్లు అన్నాడు, మూడుసార్లూ మరిచిపోయాడు. ఆ తెల్లవారుజామున అమ్మ ఒక్కతే లేచి, మంచం దిగబోయి పడిపోయింది. తలకు దెబ్బ. బెల్ ఎందుకు కొట్టలేదు అని అందరి ముందూ వాడు అడిగాడు. సెల్స్ అయిపోయాయిరా అనేశాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

బెల్ బాగానే ఉంది. అమ్మ పోయాక నేనే తీసుకెళ్ళి ల్యాబ్‌లో నా డ్రాయర్లో, గ్లోవ్స్ డబ్బా వెనుక దాచాను. ముందురోజు సాయంత్రం నేనే అమ్మతో అన్నాను, గంటకోసారి ఆ బెల్ కొట్టి నన్ను చంపకు, నాదీ మనిషి నడుమే అని. అమ్మ సరేలేమ్మా అంది. కోపంగా అన్నా బాగుండేది.

అందుకే కొట్టలేదు.

జూన్ 9
వెళ్ళాను.

జూన్ 10
వెళ్ళాను. భుజాల దాకా లేచాను.

జూన్ 19
ఒక్కరోజూ మానలేదు. పొద్దున్నే అమ్మ గదిలో చాప పరుచుకుని కూడా చేస్తున్నాను. రాత్రి ఏడు గంటలపాటు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ల్యాబ్‌లో వంగి లేచాను, నొప్పి లేదు. కావాలని మళ్ళీ వంగి చూశాను. లేదు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఏ నడుం కోసం అమ్మను కసురుకున్నానో అది పదిహేను రోజుల్లో బాగైపోయింది.

అయినా సాయంత్రం ఆరు ఎప్పుడవుతుందా అని గడియారం వంకే చూస్తున్నాను. సిగ్గులేని దాన్ని.

జూన్ 21
తమ్ముడు బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాడు. మరదలు నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. పని మధ్యలో పరధ్యానంగా ఉండిపోయాడట, పక్కమనిషి లాగకపోతే చెయ్యి లిఫ్టు కింద నలిగిపోయేదట. నువ్వు చెబితే వింటాడు వదినా అంది.

జూన్ 22
రేపు చెప్పేస్తాను.

జూన్ 23
రేపు.

జూన్ 24
క్లాసు మానేసి, బెల్ సంచిలో వేసుకుని వాడి పనిచోటికే వెళ్ళాను. ఏదో ఆఫీసు కింద, తెరిచిన లిఫ్టు ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మ నొక్కే బటన్ తీసి చేతిలో పెట్టాను. నొక్కాడు. నా సంచిలో మోగింది. మూత తీసి చూశాడు. వాడు మొదట్లో వేసిన సెల్సే.

అంతా చెప్పాను. అమ్మను ఏమన్నావో ఆ మాటే చెప్పక్కా అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నేను తిండి మానేస్తుంటే చూస్తూ నువ్వు ఎక్సర్‌సైజులు చేసుకున్నావా అని అడిగాడు. అవునన్నాను. ఇక వెళ్ళు అన్నాడు.

జూన్ 28, ఆదివారం
రాలేదు.

జూలై 2
మరదలు ఫోన్ చేసింది. అన్నం తింటున్నాడట. నా మాటెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడట. తింటున్నాడు, నాకంతే చాలు. చాలు అని రాశాను గానీ చాలదు. నాకు మిగిలింది వాడొక్కడే.

క్లాసులో రోల్ అప్ వచ్చింది. చేతులు గాల్లో, మడమలు నేల మీద, పూర్తిగా లేచి కూర్చున్నాను. మేనేజర్ గారు చప్పట్లు కొట్టారు. అప్పుడు తట్టింది. కాళ్ళూ చేతులూ బాగున్న నాకే నెల పట్టింది. అమ్మ సగం ఒంటితో, ఎవరూ పట్టుకోకుండా, లేచి కూర్చుంది. కూర్చుంది గనకే కాళ్ళు కిందికి దించగలిగింది. ఎంతసేపు తంటాలు పడిందో. గోడకు ఇవతల నేను నిద్రపోతున్నాను. చప్పట్లు ఆగేదాకా తల ఎత్తలేదు.

జూలై 5
తమ్ముడు వచ్చాడు. నాతో మాట్లాడకుండా అమ్మ గదిలోకి వెళ్ళి, చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎలా లేవాలో చెప్పమన్నాడు. చెప్పాను. భుజాల దాకా లేచి వెనక్కి పడ్డాడు. నాలుగుసార్లు. అమ్మ ఎలా లేచిందక్కా అని అడిగాడు. తెలీదురా అన్నాను.

చేతులు ఆనించకుండా మళ్ళీ తల ఎత్తాడు.