గుహ రాక్షసుడి తరఫున

అత్తయ్యగారికి,

నమస్కారం. ఇది మీ మీద ఫిర్యాదు.

మొన్న ఆదివారం మా స్నేహితుల కథల ఆటలో ఒక మనిషి తక్కువయ్యాడని మీ అమ్మాయి మిమ్మల్ని కూర్చోబెట్టింది. సంతోషమే. కథ నడిపేది నేను; ఎదురుపడే దొంగలకూ భూతాలకూ గొంతు కూడా నాదే. మిగతావాళ్ళు కత్తులు దూసి పాచికలు వేస్తారు, బతికేదెవరో పాచికలే తేలుస్తాయి. ఆట అంతే. అలాంటిది, నేను మూడు వారాలు కూర్చుని తయారుచేసిన రాక్షసుడు గుహలోంచి గర్జిస్తూ రాగానే మీరు పాచిక పక్కన పెట్టేసి, "ఏం నాయనా, ఇలా చిక్కిపోయావేంటి? తిన్నావా?" అన్నారు. వాడు గర్జన మానేసి గుహ ముందే కూలబడ్డాడు. యుద్ధం అక్కడితో సరి. మావాళ్ళు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తున్నారు.

వచ్చే ఆదివారం దయచేసి ఒక్క దెబ్బయినా వెయ్యండి.

ఇంకొక్క మాట. మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఇన్నాళ్ళూ నాకేం చెప్పాలన్నా మీరు మీ అమ్మాయితోనే చెప్పించారు. ఆ ప్రశ్న మాత్రం నేరుగా నా మొహం చూసి అడిగారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

తినలేదండీ.

మీ అల్లుడు